ఫుట్‌పాత్ మీది మనిషికి షెల్టర్ దారి చూపాలంటే

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే జిల్లా పేజీల్లో దుప్పట్ల పంపిణీ ఫొటోలు మొదలవుతాయి. ఇచ్చేవాళ్ల మనసును తప్పుపట్టం. కానీ ఆ ఫొటో తీసిన చోటికి కాస్త దూరంలోనే మున్సిపల్ షెల్టర్‌లో పక్కలు ఖాళీగా పడివుండే రాత్రులుంటాయి. అలాంటిదొకటి ఉందని దుప్పటి ఇచ్చినవాళ్లకు తెలియదు, పుచ్చుకున్నవాళ్లకూ తెలియదు. తెలిసినా లోపలికి రానిస్తారో లేదోనన్న జంకు. ఈ రెండు చివరలను కలపడం మామూలు మనుషులు చేయగలిగిన పనే. దానికి డబ్బు కంటే కచ్చితమైన సమాచారం, ఒకటికి రెండుసార్లు కనుక్కునే ఓపిక ముఖ్యం.

ముందు ఒక మాట. రోడ్డు పక్కన పడుకునేవాళ్లందరినీ ఒకే గాటన కట్టొద్దు. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి తిరిగి లెక్కపెడితే ఇల్లు లేనివాళ్లు దేశం మొత్తంలో 17.7 లక్షల మంది తేలారు. అందులో పట్టణాల్లోనే 9.4 లక్షలు. ఫ్లైఓవర్ల కింద, సిమెంటు తూముల్లో, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉన్నవాళ్లందరూ ఆ లెక్కలో ఉన్నారు. ఒక్క రాత్రిలో అందరూ కంటపడరు గనుక అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది. వీళ్లలో అడ్డా కూలీ వేరు, కొడుకు వదిలేసిన తల్లి వేరు, మతి చెదిరి తిరుగుతున్న మనిషి వేరు. పెద్దాసుపత్రి గేటు బయట పడుకున్నవాళ్లలో చాలామంది అసలు నిరాశ్రయులే కారు, లోపల మంచం మీదున్న రోగి తాలూకు మనుషులు. వాళ్లకు కావలసింది డిశ్చార్జి అయ్యేదాకా తల దాచుకునే చోటు, స్నానానికి నీళ్లు. హైదరాబాద్‌లో పెద్దాసుపత్రుల దగ్గర వీళ్ల కోసం విడిగా షెల్టర్లున్నాయి. అడ్మిషన్ చీటీ జేబులో పెట్టుకుని అక్కడికి వెళ్లమని చెబితే సగం పని అయినట్టే. ఎవరికి ఏది కావాలో తెలియకుండా అందరికీ ఒకే మందు వేయబోతే ఎవరికీ పట్టదు.

ఎలా పలకరించాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పని చెడేది అక్కడే. రోడ్డు మీద పడుకున్న మనిషిని దగ్గరగా చూడండి. చెప్పులు తలకింద ఉంటాయి, లేకపోతే తెల్లారేసరికి ఉండవు. సంచి పిడిని కాలికో చేతికో చుట్టుకుని ఉంటాడు. ఆ సంచిలో ఒక జత బట్టలు, ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన కాగితాలు, ఛార్జింగ్ లేని ఫోను. అంటే ఆయన సగం మెలకువతోనే నిద్రపోతున్నాడు. తలవైపు నుంచి వెళ్లి భుజం తట్టి లేపితే దొంగో పోలీసో అనుకుని ఉలిక్కిపడతాడు. కాళ్లవైపు, రెండడుగుల దూరంలో ఆగండి. సెల్‌ఫోన్ లైటు ముఖం మీద కొట్టకండి, నేలవైపు తిప్పండి. నిలబడి మాట్లాడితే విచారణలా ఉంటుంది, గొంతుకూర్చోండి. ఒక్కరే కాకుండా ఇద్దరు వెళ్లండి. పడుకున్నది ఆడమనిషయితే మాట్లాడేది కూడా ఆడమనిషి అయితేనే మంచిది. వేళ రాత్రి తొమ్మిదికీ పదిన్నరకీ మధ్య. అప్పటికి పక్క వేసుకుంటారు, ఇంకా నిద్ర పట్టివుండదు.

మొదటి మాట "ఎందుకిక్కడ పడుకున్నావ్" కాకూడదు. "పెద్దాయనా, తిన్నారా?" అనండి. "అమ్మా, ఈ రాత్రికి ఇక్కడేనా?" అనండి. ఊరేది, కులమేది, పిల్లలేం చేస్తున్నారు అని మొదటి రాత్రే ఆరా తీయకండి. చాలామంది దేన్నుంచి తప్పించుకుని వచ్చారో అదే అడిగినట్టవుతుంది. ఫొటో అసలే వద్దు. ఊళ్లోవాళ్ల ఫోన్లో తన ముఖం కనిపిస్తుందన్న భయంతో ఆ చోటే మార్చేసేవాళ్లుంటారు. నాలుగు మాటలయ్యాక, "మీరిక్కడున్నారని షెల్టర్ వాళ్లకు చెప్పమంటారా?" అని అడగండి. వద్దంటే వదిలేయండి. పసిపిల్లలున్నా, మనిషి స్పృహలో లేకపోయినా, తన ఒళ్లు తను చూసుకోలేని స్థితిలో ఉన్నా మాత్రం అనుమతి కోసం ఆగక్కర్లేదు.

వద్దన్నవాళ్ల చేతిలో ఒక చీటీ పెట్టండి. షెల్టర్ పేరు, చిరునామా, పక్కన అందరికీ తెలిసిన గుర్తు, ఫోన్ నంబరు, ఏ బస్సు ఎక్కాలి, ఇవన్నీ తెలుగులో పెద్దక్షరాలతో రాసి చిన్న జిప్ కవర్లో పెట్టి ఇవ్వండి. చదువు రాకపోయినా ఫరవాలేదు, ఆటో అబ్బాయికో కండక్టరుకో చూపిస్తారు. మూడో రాత్రి వానొస్తే ఆ చీటీ బయటికి వస్తుంది.

ఇక సమాచారం చేరవేయడం. "బస్టాండు దగ్గర ఎవరో ముసలాయన పడుకున్నాడు, చూడండి" అన్న ఫోను ఎవరికీ పనికిరాదు. షెల్టర్ మనిషి మర్నాడు అక్కడికి వెళితే బస్టాండు చుట్టూ ముప్ఫైమంది ఉంటారు, పైగా పగటిపూట ఆ మనిషి ఏ పనికో వెళ్లివుంటాడు. ఇలా చెప్పండి: "బస్టాండు వెనక గేటు, మూతపడిన కౌంటరు మెట్ల మీద. అరవై దాటిన మగమనిషి, తెల్ల గడ్డం, నీలం గళ్ల లుంగీ, ఎడమకాలికి కట్టు. ఈ రాత్రి తొమ్మిదిన్నరకు చూశాం. రోజూ రాత్రి తొమ్మిది తర్వాత అక్కడికే వస్తారట, పొద్దున ఐదుకల్లా లేచి వెళతారు. మాట్లాడాం, షెల్టర్ వాళ్లు వస్తే మాట్లాడతానన్నారు. తెలుగు వచ్చు." చోటు, ఆనవాలు, చూసిన వేళ, మళ్లీ దొరికే వేళ, ఒంట్లో ఎలా ఉంది, ఏ భాష, ఒప్పుకున్నారా లేదా, ఇన్ని ఉంటే వెళ్లినవాళ్లకు మనిషి దొరుకుతాడు. మళ్లీ దొరికే వేళ అన్నది అందరూ మరిచిపోతారు, అన్నిటికంటే పనికొచ్చేది అదే. చోటు చెప్పడానికి లొకేషన్ పిన్ ఒక్కటే చాలదు. ఫ్లైఓవర్ కిందైతే పిన్ పైరోడ్డు మీద పడుతుంది. హైదరాబాద్‌లో మెట్రో, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల మీద నంబర్లుంటాయి, ఆ పిల్లర్ నంబరు చెప్పండి. మరోచోటైతే కరెంటు స్తంభం నంబరో, మూసిన షాపు బోర్డు పేరో చెప్పండి.

ఎవరికి చెప్పాలి? పట్టణంలో నిరాశ్రయుల షెల్టర్ల బాధ్యత మున్సిపాలిటీది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బంది, హైదరాబాద్‌లో అయితే కార్పొరేషన్‌లోని యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగం వాళ్లు చూస్తారు. నిర్వహణ చాలాచోట్ల స్వచ్ఛంద సంస్థల చేతిలో ఉంటుంది. ఆంధ్రలో వార్డు సచివాలయంలో, హైదరాబాద్‌లో వార్డు కార్యాలయంలో పగటిపూట ఒకసారి అడిగి షెల్టర్ మేనేజరు నంబరు తీసుకుని ఫోన్లో పెట్టుకోండి. రాత్రి పదింటికి వెతకడం మొదలుపెడితే దొరకదు. అడిగేటప్పుడే ఇది మగవాళ్లదా ఆడవాళ్లదా, కుటుంబాన్ని ఉంచుకుంటారా, ఎన్నింటి దాకా రానిస్తారు, మంచం మీదున్న రోగిని చూసుకోగలరా అని కనుక్కోండి. మగవాళ్ల షెల్టర్‌కు ఆడమనిషిని తీసుకెళ్లి, అక్కడి నుంచి ఇంకోచోటికి, మళ్లీ ఫుట్‌పాత్‌కి తిప్పితే ఆమె ఇక ఎవరి మాటా నమ్మదు.

కొన్ని నంబర్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకటే. స్పృహ లేకపోతే, గాయమైతే 108. ఎవరైనా కొడుతుంటే, వేధిస్తుంటే 112. ఒంటరి ఆడవాళ్లకు 181. పిల్లలకు 1098. పెద్దవాళ్లకు 14567, ఇది పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకానే పలుకుతుంది, ఆ తర్వాత చేసి ఎత్తలేదని విసుక్కోవద్దు. రైల్వే స్టేషన్ ఆవరణలో అయితే 139. ఫిర్యాదు నంబరు ఇస్తే రాసుకోండి, మర్నాడు సాయంత్రం ఆ చోటికి ఒకసారి వెళ్లండి. మనిషి ఇంకా అక్కడే ఉంటే అదే నంబరు చెప్పి మళ్లీ ఫోన్ చేయండి, కొత్త ఫిర్యాదుగా ఇస్తే మళ్లీ మొదటికొస్తుంది. మనిషి కనిపించలేదంటే షెల్టర్ చేరాడని సంబరపడొద్దు. తెల్లారుజామున పారిశుధ్య సిబ్బంది లేపివుండొచ్చు, పెట్రోలింగ్ వాళ్లు తరిమివుండొచ్చు. పక్కన టీ కొట్టతన్ని, ఏటీఎం వాచ్‌మన్‌ను అడిగితే చెబుతారు. వాళ్లకు తెలిసినంత ఏ సర్వేకీ తెలియదు.

ఒక జాగ్రత్త. "మా కాలనీలో బిచ్చగాళ్లు ఎక్కువయ్యారు, తీసేయండి" అని చేసే ఫోను సాయం కిందికి రాదు. బిచ్చమెత్తేవాళ్లను పట్టుకుని శిక్షించే వీలున్న 1977 నాటి యాచక నిరోధక చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఢిల్లీలో ఇలాంటి చట్టంలోని శిక్షల సెక్షన్లను 2018లో అక్కడి హైకోర్టు కొట్టేసింది గానీ, ఆ తీర్పు ఢిల్లీకే. ఒకసారి వ్యాన్లో ఎక్కించుకుపోయి ఊరి చివర దింపిన మనిషి, రెండోసారి నిజంగానే షెల్టర్ వ్యాన్ వచ్చినా పరుగెత్తుతాడు. వాళ్లలో పెద్ద భాగం బిచ్చమెత్తేవాళ్లూ కారు. హోటల్లో ప్లేట్లు కడిగేవాళ్లు, క్యాటరింగ్‌లో వడ్డించేవాళ్లు, చిత్తుకాగితాలేరేవాళ్లు, అడ్డా మీద నిలబడేవాళ్లు.

"షెల్టరుందంటే రానంటాడు, ఆయనకే ఇష్టం లేదు" అని చాలామంది తేల్చేస్తారు. రానన్నదానికి కారణముంటుంది, అడిగితే చెబుతారు. అడ్డా కూలీకి పొద్దున ఆరుకల్లా అడ్డా మీద లేకపోతే ఆ రోజు పని లేదు. షెల్టర్ ఐదారు కిలోమీటర్లుంటే ఆయనకు ఫుట్‌పాతే లాభం. హోటల్లో పనిచేసేవాడికి పని దిగేసరికి పన్నెండవుతుంది, షెల్టర్ తలుపు పదింటికే మూస్తే ఏం చేస్తాడు? భార్యాభర్తలను విడదీసి చెరో చోట ఉంచుతామంటే ఎవరొస్తారు? కొందరికి కుక్క ఉంటుంది. కొందరికి తోపుడుబండో రిక్షానో ఉంటుంది, లోపల పడుకుంటే బయట అది పోతుంది. నల్లుల వల్ల పారిపోయినవాళ్లున్నారు, డబ్బులు పోయి మళ్లీ గడప తొక్కనివాళ్లున్నారు. వీటిలో సగం మేనేజరుతో మాట్లాడి సర్దగలిగినవే. హోటల్ పనివాడికి యజమాని చేత ఒక చీటీ రాయించి ఇస్తే ఆలస్యంగా రానివ్వొచ్చు, బండికి గొలుసు, తాళం, లోపల కాస్త చోటు ఉంటే చాలు. అందుకే, రానన్న మనిషి చెప్పిన కారణాన్ని ఆయన మాటల్లోనే షెల్టర్‌కు చేరవేయండి.

ఇక తాగుడు. తాగివస్తే రానివ్వమనే షెల్టర్లు ఎక్కువ, మిగతావాళ్లకు ఇబ్బంది గనుక ఆ నియమంలో అన్యాయమేమీ లేదు. కానీ మంచి మనసుతో కొందరు "ఇవాళ్టి నుంచి మానేస్తానని ఒట్టేయి, షెల్టర్లో చేరుస్తా" అంటారు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి, చేతులు వణికి, లేనివి కనిపించవచ్చు. ప్రాణం మీదికి వచ్చే స్థితి అది. మాన్పించే పని ఆసుపత్రిలో డాక్టరు చేతుల మీదుగా జరగాలి.

ఆరోగ్యం సంగతి వచ్చింది గనుక ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి. మన దగ్గర చలి కంటే ఎండే ఎక్కువమందిని తీసుకుపోతుంది. 2015 వేసవి వడగాడ్పులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోతే, వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. అయినా దాతలు డిసెంబరులో కనిపించినంతగా మే నెలలో కనిపించరు. ఒక గుర్తు పెట్టుకోండి: నిద్రపోయే మనిషి నీడ వెతుక్కుంటాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో, ముఖం మీద ఈగలు వాలుతున్నా కదలకుండా పడివున్న మనిషి నిద్రపోవడం లేదు. భుజం మీద చెయ్యి వేసి గట్టిగా పిలవండి. పలకకపోతే, ఛాతీ కదులుతోందో లేదో చూసి 108కి చేయండి. "ఎవరో తాగి పడిపోయాడు" అని చెప్పకండి. తలకు దెబ్బ తగిలినా, షుగర్ పడిపోయినా, ఫిట్స్ వచ్చి తగ్గినా అచ్చం తాగి పడ్డట్టే ఉంటుంది, నిజంగా తాగినవాడికి వీటిలో ఏదైనా కూడా ఉండొచ్చు. "స్పృహ లేదు, ఊపిరి ఆడుతోంది, ఒళ్లు కాలిపోతోంది" అని కంటికి కనిపించినదే చెప్పండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయినా గొంతుకు అడ్డుపడదు. వడదెబ్బ అనిపిస్తే నీడలోకి చేర్చి, మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డ వేసి విసరండి. స్పృహ లేని నోట్లో నీళ్లు పోయొద్దు. స్పృహ ఉండి మింగగలిగితే ఓఆర్‌ఎస్ ఇవ్వండి, కానీ కొలత చూసి కలపండి. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. పెద్ద ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో కలిపి తాగిస్తే ఉప్పు మోతాదు మించి మేలు కంటే కీడే జరుగుతుంది. చాలామంది చేసేది అదే.

అంబులెన్సు ఎక్కించేటప్పుడు ఆయన సంచి కూడా ఎక్కించండి. ఎందుకంటే తెల్లారేసరికి ఆ సంచిని చెత్తబండిలో వేసేస్తారు, దాంతోపాటే ఆధార్, మందుల చీటీ, కూతురి ఫోన్ నంబరు రాసుకున్న కాగితం పోతాయి. ఆసుపత్రిలో ఆయన పేరులేని రోగిగా మిగిలిపోతాడు. వెంట వెళ్లినందుకు పోలీసులు మనల్ని ఇరికిస్తారన్న భయం చాలామందిది. అత్యవసర చికిత్స ఏ ఆసుపత్రీ నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. రోడ్డు ప్రమాదమైతే 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్ల మీదికి వాహనాలు ఎక్కిన సందర్భాల్లో ఇది తెలిసివుండటం అవసరం. రెండు వారాలకు మించి దగ్గుతున్న మనిషి కనిపిస్తే ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష ఉచితమని చెప్పండి, షెల్టర్‌కూ ముందే చెప్పండి. దాచి చేర్పిస్తే పక్కవాళ్లకు అంటుతుంది.

మతి స్థిమితం లేనివాళ్ల విషయంలో "ఎర్రగడ్డ తీసుకెళ్లండి" అని నవ్వుతూ అనేయడం మనకు అలవాటు. చట్టం చాలా స్పష్టంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం, మానసిక అనారోగ్యంతో తన్ను తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషిని రక్షణలోకి తీసుకోవడం ఆ ప్రాంత స్టేషన్ హౌస్ ఆఫీసర్ విధి. 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు తీసుకెళ్లాలి. లాకప్‌లో ఉంచకూడదు. ఇల్లు వాకిలి లేని మనిషయితే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. "మాకు సంబంధం లేదు, ఏ ఎన్జీవోకైనా చెప్పండి" అన్న జవాబు వస్తే ఈ సెక్షన్ నంబరు మర్యాదగా గుర్తుచేస్తూ రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటకూ ముద్ర పడ్డ కాగితానికీ తేడా అక్కడ తెలుస్తుంది. ఎలా మాట్లాడాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు చేస్తే తెలుగులోనే సలహా ఇస్తారు. అరుస్తున్న మనిషి చుట్టూ గుంపు చేరకుండా చూడటం, చేతిలో ఉన్నది లాక్కోకుండా ఉండటం, ఆలోగా మీరు చేయగలిగినవి.

పిల్లల దగ్గర సొంత నిర్ణయాలు వద్దు. ఒంటరిగా కనిపించిన పిల్లల గురించి 24 గంటల్లోగా తెలియజేయాలని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది, చెప్పకపోవడం నేరం. ఇంటికి తీసుకెళ్లి రెండు రోజులు ఉంచుకుని తర్వాత చెబుదామన్నా చిక్కే. 1098కి చేస్తే బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరిచే ఏర్పాటు వాళ్లు చూస్తారు. తల్లిదండ్రులతో కలిసి ఫుట్‌పాత్ మీద ఉన్న పిల్లలు వేరే సంగతి. అక్కడ కావలసింది కుటుంబాన్ని ఉంచుకునే షెల్టర్, దగ్గర్లో అంగన్‌వాడీ, బడి. పిల్లల్ని విడదీస్తారన్న భయమే ఆ తల్లిని షెల్టర్‌కు దూరం చేస్తుంది. పిల్లలు వదిలేసిన పెద్దవాళ్ల విషయంలో 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గర మనోవర్తికి దరఖాస్తు చేయొచ్చు, ఉచిత న్యాయ సహాయం 15100లో అడగొచ్చు. కానీ ముందు ఆ పెద్దావిడను అడగండి. కొడుకు మీద కేసు పెట్టడం కంటే రోడ్డు మీద ఉండటమే నయమనుకునే తల్లులే ఎక్కువ.

కాగితాల దగ్గర ఒక చిక్కు తరచూ ఎదురవుతుంది. "ఆధార్ లేదు" అనే మనిషికి నిజానికి ఆధార్ ఉంటుంది, కార్డు పోయివుంటుంది. సాయం చేసేవాళ్లు ఉత్సాహంగా కొత్త దానికి నమోదు చేయిస్తారు. వేలిముద్రలు, కంటిపాపలు పాత రికార్డుతో కలవగానే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది, మళ్లీ చేయిస్తే మళ్లీ అదే. ముందు "ఎప్పుడైనా, ఏ ఊళ్లోనైనా కళ్ల ఫొటో తీశారా?" అని అడగండి. అవునంటే ఆధార్ కేంద్రంలో పాత నంబరునే వెతికించాలి. సిమెంటు పనివాళ్ల వేళ్లు అరిగిపోయి ముద్ర పడదు, కంటిపాపతో ప్రయత్నించమనండి. నిజంగా లేనివాళ్లకు గుర్తింపు పొందిన షెల్టర్ అధిపతి ఇచ్చే ధ్రువపత్రం చిరునామాకు పనికొస్తుంది. ఓటు హక్కుకైతే ఇంకా సులువు. ఫారం 6లో తాను పడుకునే చోటునే రాయొచ్చు. బూత్ స్థాయి అధికారి ఒకటి కంటే ఎక్కువ రాత్రులు వచ్చి ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడని చూసుకుంటే చిరునామా రుజువు అడగరు. రేషన్ కార్డు వేరే జిల్లాలోదైనా, వేరే రాష్ట్రంలోదైనా బియ్యం ఉన్నచోటే తీసుకోవచ్చు, అయితే వండుకునే చోటు లేనప్పుడు ఆ బియ్యం ఏం చేసుకుంటాడన్నది ఎవరూ ఆలోచించరు. అందుకే ఐదు రూపాయల క్యాంటీన్ ఎక్కడుందో, ఎన్నింటికి తెరుస్తారో చెప్పడం ఎక్కువ పనికొస్తుంది.

అన్నం ప్యాకెట్ల గురించి ఒక్క మాట. ఆదివారం ఒకే చోటికి నాలుగు బృందాలు వస్తాయి, మంగళవారం ఒక్కరూ రారు. వేడన్నం ప్లాస్టిక్ కవర్లో కట్టి ఎండలో తిప్పితే సాయంత్రానికి పాచిపోతుంది, తిన్న మనిషికి రాత్రి విరేచనాలు, దగ్గర్లో మరుగుదొడ్డి ఉండదు. ఇవ్వదలిస్తే వండిన రెండు గంటల్లో ఇచ్చేయండి. పళ్లు లేనివాళ్లకు బిర్యానీ కంటే పెరుగన్నం మేలు. దుప్పటి కూడా అంతే. దాన్ని పగలు దాచుకునే చోటు లేక, తడిస్తే ఆరేసుకునే చోటు లేక పారేస్తారు. చెప్పులు, దోమల క్రీము, సంచికి తాళం, వానాకాలంలో టార్పాలిన్ ముక్క ఎక్కువ రోజులు పనికొస్తాయి. షెల్టర్‌కు ఇవ్వాలనుకుంటే ముందు ఫోన్ చేసి అడగండి. అక్కడ దుప్పట్లు గుట్టలుగా ఉండి, ఉతికే సబ్బు ఉండకపోవచ్చు.

మా ఊళ్లో షెల్టరే లేదంటారా? అది ఇక్కడితో ఆగిపోవాల్సిన మాట కాదు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లోనే పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలంది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి, ఏడాది పొడవునా, 24 గంటలూ ఉండే వసతి కావాలన్నాయి. మనిషికి 50 చదరపు అడుగులు, నీళ్లు, మరుగుదొడ్లు, వంట చోటు, దోమల నివారణ అందులో రాసినవే. ఊరి జనాభా నాలుగు లక్షలైతే నాలుగు వందల మందికి చోటుండాలి. మున్సిపల్ కార్యాలయానికి పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. షెల్టర్ల చిరునామాలు, ఒక్కోదానిలో ఎందరికి చోటు, గత మూడు నెలల్లో రాత్రివారీ హాజరు, చివరిసారి నిరాశ్రయుల సర్వే జరిగిన తేదీ, ఈ నాలుగే అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. "నిరాశ్రయుల సంక్షేమానికి తీసుకుంటున్న చర్యలు తెలపగలరు" అని రాస్తే రెండు పేజీల ఉపన్యాసం వస్తుంది. హాజరు పట్టీ అడిగితే నిజం వస్తుంది.

చివరిగా మీ పత్రికకు ఒక విన్నపం. నెలకోసారి జిల్లా పేజీలో ఒక చిన్న పెట్టె కేటాయించండి. అందులో పట్టణంలోని ప్రతి షెల్టర్ చిరునామా, దగ్గరి గుర్తు, మేనేజరు అధికారిక నంబరు, మగవాళ్లకా ఆడవాళ్లకా కుటుంబాలకా, తలుపు మూసే వేళ, ఎన్ని చోట్లు అన్నవి చాలు. వేసేముందు మీ విలేకరి ప్రతి నంబరుకూ రాత్రి పది తర్వాత ఒకసారి ఫోన్ చేసి చూడాలి. ఎత్తని నంబరు ఎదురుగా "జవాబు లేదు" అని వేయండి. పంపిణీ ఫొటోల్లో పుచ్చుకునేవాళ్ల ముఖాలు కనబడకుండా వేస్తే ఇంకా సంతోషం.

ఇట్లు,
పట్టణ నిరాశ్రయుల వసతి కేంద్రాల్లో పనిచేస్తున్న కొందరు